పాత సినిమా పత్రికల నుంచి మన ఊరి సినిమా వ్యాపార చరిత్ర రాయడం ఎలా

పాత సినిమా పత్రిక ఒకటి చేతికొస్తే ముందు వెనక అట్ట చూడండి. ఆ తర్వాత లోపలి ప్రకటనలు చూడండి. తారల ఇంటర్వ్యూలు, షూటింగ్ కబుర్లు చివరికి పెట్టుకోండి. వ్యాసం రాసేవాళ్ళు ఎవరినీ నొప్పించకుండా రాసి ఉండవచ్చు. ప్రకటన మాత్రం ఒకరు డబ్బు కట్టి, ఇంకో వ్యాపారి చూడాలని వేయించుకున్నది. బొమ్మ ఎవరు తీశారు, ఎవరు కొన్నారు, ఏ జిల్లాలకు కొన్నారు, ఆఫీసు ఎక్కడ అన్నది అందులోనే ఉంటుంది.

నేను గుంటూరులో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతాను. మా నాన్నగారు విజయవాడ గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా చేశారు. బొమ్మ ఏ ఊరికి వెళ్తే ఆ ఊరు వెళ్ళి, హాల్లో కూర్చుని, కలెక్షన్ చూసుకుని, లెక్క పట్టుకొచ్చే ఉద్యోగం అది. ప్రాజెక్టుల సమయం వచ్చిందంటే పిల్లలు "మేడం, సినిమా మీద చేస్తాం" అంటారు. హీరో మీద చేస్తామంటే ఒప్పుకోను. మీ ఊరి హాలు మీద చేయమంటాను. తెనాలి, నరసరావుపేట, బాపట్ల, రేపల్లె, ఎక్కడివాళ్ళయినా సరే, ఎవరి ఊళ్ళో వాళ్ళు చేయగలిగిన పని ఇది. ఎలా చేయాలో వాళ్ళకు చెప్పే మాటలే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

పద్ధతి మాత్రం హాలండ్, అంటే నెదర్లాండ్స్, డచ్చి వాళ్ళ దగ్గర చూసి నేర్చుకున్నదే. సినిమాలు తీయడంలో వాళ్ళది ఎప్పుడూ చిన్న దేశమే. ఎక్కువగా బయటి బొమ్మలు తెప్పించుకుని ఆడించుకున్నారు. అందుకే వాళ్ళ సినిమా చరిత్ర అంటే చాలావరకు డిస్ట్రిబ్యూటర్ల, హాళ్ళ చరిత్రే. మన కృష్ణా, గుంటూరు జిల్లాలూ అంతే కదా. స్టూడియోలు మద్రాసులో, ఆ తర్వాత హైదరాబాదులో. మన దగ్గర ఉన్నవి పెట్టుబడి, ఆఫీసులు, హాళ్ళు, జనం.

ముందు పట్టిక వేసుకోండి

ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో కారెల్ డిబెట్స్ అనే చరిత్రకారుడు మొదలుపెట్టిన సినెమా కాంటెక్స్ట్ అనే వెబ్‌సైటు 2006లో జనానికి అందుబాటులోకి వచ్చింది. నెదర్లాండ్స్‌లో సినిమా ప్రదర్శన మొదలైన నాటి నుంచి ఏ ఊళ్ళో ఏ హాలు ఉంది, ఎవరిది, అందులో ఏ వారం ఏ బొమ్మ ఆడింది, ఆ బొమ్మని తెచ్చిన కంపెనీ ఏది అన్నది అందులో వెతుక్కోవచ్చు. సినిమాలు, హాళ్ళు, మనుషులు, కంపెనీలు అని నాలుగు జాబితాలు ఉంటాయి. ఒకదాన్ని పట్టుకుంటే మిగతా మూడూ దొరుకుతాయి. ఇంగ్లీషులో కూడా చూడొచ్చు కాబట్టి భాష గురించి టెన్షన్ పడక్కర్లేదు. పని మొదలుపెట్టే ముందు ఒక పూట దాని ముందు కూర్చోమని పిల్లలకు చెబుతాను. ఏదో ఒక హాలు పేరు నొక్కి, ఒక ఏడాదిలో అక్కడ ఏమేం ఆడాయో వరసగా చదివితే, మన పట్టిక ఎలా ఉండాలో దానంతటదే అర్థమవుతుంది.

మన పట్టిక ఫోన్‌లోనే చేసుకోవచ్చు. ఒక వరస అంటే ఒక హాల్లో ఒక బొమ్మ ఆడిన ఒక వారం. తేదీ, ఊరు, హాలు, సినిమా, భాష, రోజుకు ఎన్ని ఆటలు, డిస్ట్రిబ్యూటర్ ఎవరు, ఆధారం ఏమిటి, ఈ గడులు చాలు. ఆధారం గడిలో పత్రిక పేరు, సంచిక తేదీ, పేజీ మూడూ రాయాలి. ఇందులో నేను రాజీపడను. ఆధారం లేని వరస ఎంత ముచ్చటగా ఉన్నా తీసేయిస్తాను. దాని పక్కన సందేహాలకు ఒక గడి పెట్టుకోండి. "తేదీ సరిగా కనబడలేదు", "హాలు పేరు చిరిగిపోయింది" లాంటివి అందులో రాయండి.

ఊరంతా, అన్ని సంవత్సరాలూ ఒకేసారి ఎత్తుకోకండి. ఒక హాలు, పదేళ్ళు. లేదా ఒక ఏడాది, ఊళ్ళోని అన్ని హాళ్ళు. విజయవాడ తీసుకుంటే 1921లో పోతిన శ్రీనివాసరావు గారు కట్టించిన మారుతీ సినిమా హాలుతో మొదలై, దుర్గా కళామందిరం, లీలామహల్, విజయా టాకీస్, లక్ష్మీ టాకీస్, జైహింద్, అలంకార్, అప్సర, ఊర్వశి, మేనక అంటూ జాబితా పెరిగిపోతూనే ఉంటుంది. అన్నీ కావాలనుకుంటే ఒక్కటీ పూర్తి కాదు.

పట్టిక కొంత నిండాక ప్రశ్నలు వాటంతటవే పుట్టుకొస్తాయి. విజయవాడలో విడుదలైన బొమ్మ రేపల్లెకు ఎన్ని వారాలకు వచ్చింది? ఫలానా హాలుకి ఎప్పుడూ ఒకే కంపెనీ బొమ్మలే ఎందుకు వస్తున్నాయి? పొగాకు, మిర్చి డబ్బులు చేతికొచ్చే నెలల్లో కొత్త బొమ్మలు ఎక్కువ పడ్డాయా? ఇలాంటివి తారల కబుర్ల నుంచి ఎన్నటికీ రావు.

కాగితం పారేయని మనిషి

డచ్చి సినిమా వ్యాపారం గురించి ఇంత తెలియడానికి ఒక వ్యాపారి కారణం. ఆయన కథ కొంచెం వివరంగా చెప్పాలి. జాఁ డెస్మెట్ 1875లో బెల్జియంలో పుట్టి, నెదర్లాండ్స్‌లో పెరిగాడు. తిరునాళ్ళలో చక్రం తిప్పే ఆట, జారుడుబండ లాంటివి నడిపి పొట్టపోసుకున్నాడు. 1907లో ఇంపీరియల్ బయో అని డేరా సినిమా పెట్టి ఊరూరా తిరిగాడు. 1909లో రోటర్‌డామ్‌లో, మరుసటి ఏడు ఆమ్‌స్టర్‌డామ్‌లో పారిసియెన్ పేరుతో హాళ్ళు తెరిచాడు. తన హాళ్ళకు బొమ్మలు కావాలి కాబట్టి జర్మనీ నుంచి తెప్పించుకున్నాడు. తెప్పించినవి తన హాళ్ళలో ఆడేశాక మిగతా హాళ్ళకు అద్దెకిచ్చాడు. అలా డిస్ట్రిబ్యూటర్ అయ్యాడు. సుమారు 1910 నుంచి మొదటి ప్రపంచ యుద్ధం నడుమ వరకు ఆ వ్యాపారం చేసి, తర్వాత డబ్బంతా స్థలాలు, భవనాల మీద పెట్టాడు.

అదే రోజుల్లో మన బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్య గారు క్రోనోమెగాఫోన్ అనే యంత్రం కొనుక్కుని శ్రీలంక, బర్మా దాకా వెళ్ళి బొమ్మలు చూపించారు. డేరాతో మొదలై హాలు కట్టే దాకా ఇద్దరిదీ ఒకటే దారి.

డెస్మెట్ ఏ కాగితమూ పారేయలేదు. కొన్న బిల్లు, అద్దె ఒప్పందం, టెలిగ్రామ్, హాలు యజమానితో పోట్లాడుతూ రాసిన ఉత్తరం, పోస్టరు, చివరికి ఆడి ఆడి అరిగిపోయిన ప్రింట్లు, అన్నీ అట్టిపెట్టాడు. 1956లో ఆయన పోయాక అవి ఫిల్మ్ మ్యూజియానికి చేరాయి. ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఐ ఫిల్మ్‌మ్యూజియం అంటున్నది దాన్నే. తొమ్మిది వందలకు పైగా సినిమాలు, వాటితో పాటు ఆఫీసు కాగితాలు. ఫ్రాన్సు, ఇటలీ, డెన్మార్క్, అమెరికాల్లో తీసి, తీసిన చోట మిగలని బొమ్మలు కొన్ని ఈయన దగ్గర మిగిలాయి. 2011లో యునెస్కో ఆ సేకరణని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

మీ ఊళ్ళోనూ ఇలాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఆయన్ని వెతకడం మీ పనిలో రెండో భాగం. హాలు మూతబడినా, కల్యాణమండపం అయినా, మేనేజరు గారి ఇంట్లో అటక మీద లెక్కల పుస్తకాలు ఉండవచ్చు. గాంధీనగర్‌లో ఆఫీసు ఎత్తేసినా గుమాస్తా దగ్గర ఒక ట్రంకు పెట్టె మిగిలి ఉండవచ్చు. అడగకపోతే అవి పాతకాగితాల బండికి వెళ్ళిపోతాయి. ఇల్లు మారేటప్పుడు, వాటాలు పంచుకునేటప్పుడు ఎక్కువగా పోతాయి. అందుకే పత్రికలు చదవడం, ఇళ్ళకు వెళ్ళడం రెండూ ఒకేసారి మొదలుపెట్టండి.

ఏ పత్రిక ఎవరి కోసం

సినిమా పత్రికలన్నీ ఒక్క రకం కాదు. డచ్చి పత్రికల్లో ఈ తేడా బాగా కనిపిస్తుంది. 1913లో వచ్చిన డె కినెమాటోగ్రాఫ్, ఆ తర్వాత వచ్చిన నియువ్ వేక్‌బ్లాట్ వోర్ డె సినెమాటోగ్రఫీ లాంటివి వ్యాపారుల పత్రికలు. వాటిని చదివేది హాలు యజమాని, డిస్ట్రిబ్యూటరు, ప్రొజెక్టర్లు అమ్మేవాడు. 1921 నుంచి 1944 దాకా నడిచిన సినెమా ఎన్ తియాటర్ ప్రేక్షకుల పత్రిక: తారల ఫోటోలు, కబుర్లు. 1927లో మొదలైన ఫిల్మ్‌లీగా మూడో రకం. పుదోవ్‌కిన్ తీసిన రష్యన్ సినిమాని ఆపేశారన్న కోపంతో యోరిస్ ఇవెన్స్, మెన్నో తెర్ బ్రాక్ లాంటి యువకులు చేరి అదే పేరుతో ఒక సంఘం పెట్టుకున్నారు. మంచి సినిమా అంటే ఏమిటో వాదించుకోవడానికే ఆ పత్రిక.

వ్యాపార పత్రిక చదివేటప్పుడు అది ఎవరి పక్షమో కనిపెట్టాలి. 1918లో డచ్చి హాళ్ళ యజమానులు ఒక సంఘం పెట్టుకున్నారు. 1921కల్లా డిస్ట్రిబ్యూటర్లు కూడా అందులో చేరి అది బయోస్కోప్‌బాండ్ అయింది. సభ్యుడు సభ్యుడితోనే వ్యాపారం చేయాలి; సభ్యుడు కాని హాలుకి సభ్యుడైన డిస్ట్రిబ్యూటర్ బొమ్మ ఇవ్వకూడదు. ఆ ఒక్క నియమంతో దేశంలో సినిమా వ్యాపారమంతా వాళ్ళ గుప్పిట్లోకి వచ్చింది. పురపాలక సంఘాలు వేసే వినోదపు పన్ను మీద గట్టిగా పోరాడింది కూడా వాళ్ళే. కాబట్టి ఆ కాలపు వ్యాపార పత్రికలో "పన్ను భారంతో హాళ్ళు మూతబడతాయి" అని ఉంటే, అది వార్త అయినా కాకపోయినా, సంఘం మాట అని పక్కన రాసుకోవాలి.

మన దగ్గర వ్యాపారుల పత్రికకీ ప్రేక్షకుల పత్రికకీ మధ్య గోడ అంత ఎత్తుగా లేదు. 1940ల్లో మద్రాసు నుంచి వచ్చిన రూపవాణి, 1966లో విజయా సంస్థ నుంచి వచ్చిన విజయచిత్ర, 70ల్లో వచ్చిన సితార, జ్యోతిచిత్ర, ఇవన్నీ జనం కొనుక్కుని చదివినవే. కానీ వాటి ప్రకటనల పేజీలు మాత్రం వ్యాపారులకు ఉద్దేశించినవి. "ఆంధ్ర హక్కులకు సంప్రదించండి" అన్న మాట టిక్కెట్టు కొనేవాడికి ఎందుకు? ఒకే సంచికలో రెండు పత్రికలు ఉన్నాయనుకుని చదవండి.

దినపత్రికల్ని మర్చిపోవద్దు. విశాలాంధ్ర 1952లో, ఆంధ్రజ్యోతి 1960లో విజయవాడ నుంచే మొదలయ్యాయి. ఊళ్ళో అచ్చయ్యే పేపరు కాబట్టి ఊళ్ళోని హాళ్ళ ప్రకటనలు దొరుకుతాయి. నెలకోసారి వచ్చే సినిమా పత్రికలో "త్వరలో" అని ఉన్నది నిజంగా ఏ శుక్రవారం పడిందో తేల్చేది దినపత్రికే. డచ్చి వాళ్ళు కూడా హాళ్ళ కార్యక్రమాల పట్టిక ఎక్కువగా దినపత్రికల ప్రకటనల నుంచే కట్టారు. వాళ్ళ జాతీయ గ్రంథాలయం డెల్ఫర్ అనే సైటులో పాత పేపర్లు లక్షల పేజీలు ఉచితంగా పెట్టింది. ఒక హాలు పేరు కొడితే చాలు, ఏ పేజీలో ఎక్కడ ఉందో చూపిస్తుంది. మనకు ఇంకా ఆ సౌకర్యం రాలేదు. ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన పాత పత్రికలున్నాయి గానీ ఒక్కో పేజీ తిప్పుకుంటూ చూడాల్సిందే. ఓపిక పట్టండి.

ప్రకటనని ఎలా చదవాలి

ఒక పేజీ ప్రకటన తీసుకుని కింది నుంచి పైకి చదవండి. పైన పెద్దక్షరాల్లో ఉన్న పేరు, తారలు అందరికీ తెలిసినవే. కింద చిన్నక్షరాల్లో "నవయుగ రిలీజ్" అనో "పూర్ణా రిలీజ్" అనో డిస్ట్రిబ్యూటర్ పేరు ఉంటుంది. దాని పక్కన ఊళ్ళ పేర్లు: విజయవాడ, గుంటూరు, రాజమండ్రి, కాకినాడ, విశాఖపట్నం. ఆ వరసలో ఏ ఊరు ముందుంది, ఏ ఊరు లేదు అన్నది రాసుకోండి. ఒక ఊరు లేదంటే అక్కడ హాలు కుదరలేదనో, ప్రింట్లు చాల్లేదనో, ఆ ప్రాంతపు హక్కులు ఇంకొకరివనో. ఆ మూడింట్లో ఏదో తేల్చడానికి పక్క నెల సంచిక చూడాలి.

"విజయవంతమైన 4వ వారం" అన్న ప్రకటన "త్వరలో" కంటే చాలా గట్టి ఆధారం. "100 రోజులు" దగ్గర మాత్రం జాగ్రత్త. ఒకే హాల్లో రోజూ అన్ని ఆటలతో ఆడిన వంద రోజులు వేరు, నూన్ షోలతో లాగినవి వేరు, ఒక హాలు నుంచి ఇంకో హాలుకి షిఫ్టింగ్ మీద ఆడినవి వేరు. ప్రకటనలో మూడూ ఒకే అక్షరాల్లో ఉంటాయి. దినపత్రికలో వారం వారం హాలు పేరు, ఆటల సంఖ్య చూస్తే ఏ రకమో తెలుస్తుంది. పట్టికలో ఆటల గడి పెట్టుకోమన్నది ఇందుకే.

ఇంకో విషయం. గ్రంథాలయాల్లో బైండు చేసిన సంపుటాల్లో చాలావాటికి అట్టలు ఉండవు. బైండింగ్ చేసేవాళ్ళు అట్టలు, ప్రకటనల పేజీలు అనవసరం అనుకుని తీసేసేవారు. మనకు కావలసినవి సరిగ్గా అవే. అందుకే విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణాల్లో విడిగా దొరికే చిరిగిన సంచిక, అందమైన బైండు సంపుటం కంటే ఎక్కువ పనికొస్తుంది. అట్ట ఉందా లేదా చూసి కొనండి.

వ్యాపారం అర్థం కాకపోతే కాగితం అర్థం కాదు

సినిమా పుట్టిన కొత్తలో బొమ్మని గుడ్డ కొలిచి అమ్మినట్టు మీటరు లెక్కన అమ్మేవారు. కొన్నవాడు చిరిగేదాకా ఆడించుకునేవాడు. ఊరూరా తిరిగే డేరాకు అది సరిపోయింది, ఊరు మారితే జనం మారతారు కాబట్టి. స్థిరమైన హాలు కట్టుకున్నాక జనం వాళ్ళే, మారాల్సింది బొమ్మ. దాంతో కొనడం పోయి అద్దె వచ్చింది. కొత్త బొమ్మకు ఎక్కువ అద్దె, వారాలు గడిచేకొద్దీ తక్కువ. 1910, 1911 ప్రాంతాల్లో పొడుగు బొమ్మలు వచ్చాయి. డెన్మార్క్ నటి ఆస్టా నీల్సన్ పేరు చెబితేనే జనం వచ్చే రోజులు. ఒక ప్రాంతానికి ఒక్కరికే హక్కు అన్న పద్ధతి జర్మనీలో అప్పుడే బలపడింది, డచ్చి వ్యాపారులూ దాన్ని అందుకున్నారు.

మన దగ్గర ఇప్పటికీ నడుస్తున్నది ఆ ప్రాంతపు హక్కే. నైజాం అంటే తెలంగాణ, సీడెడ్ అంటే రాయలసీమ, మిగిలింది ఆంధ్ర. ఆంధ్రలో మళ్ళీ కృష్ణా, గుంటూరు, ఈస్ట్, వెస్ట్, నెల్లూరు, ఉత్తరాంధ్ర. 1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి ధారపోసిన రాయలసీమ జిల్లాల సరిహద్దు, రాజ్యాలు పోయినా సినిమా లెక్కల్లో అలాగే ఉంది. నిర్మాత దగ్గర బయ్యర్, అంటే ఒక ప్రాంతానికి బొమ్మ తీసుకునే డిస్ట్రిబ్యూటర్, అవుట్‌రేట్‌కి (మొత్తం ధర ఒకేసారి ఇచ్చి) కొంటాడు, లేదా మినిమమ్ గ్యారంటీ (కనీసం ఇంత వస్తుందన్న హామీ సొమ్ము) ఇస్తాడు, లేదా కమిషన్ మీద (నిర్మాత తరఫున ఆడించి, వచ్చినదాంట్లో వాటాకి) తీసుకుంటాడు. హాలు దగ్గర ఫిక్స్‌డ్ హైర్ (బొమ్మకు హాలు ఇచ్చే ఖాయమైన అద్దె), పర్సెంటేజీ (కలెక్షన్‌లో వాటా), లేదా డిస్ట్రిబ్యూటరే అద్దె కట్టి హాలు తీసుకోవడం. పాత ఒప్పందం చేతికొస్తే ముందు ఇది ఏ రకమో చూడండి. బొమ్మ పోతే నష్టం ఎవరిదో దాన్నిబట్టే తెలుస్తుంది. అవుట్‌రేట్ అయితే బయ్యర్ మునిగాడు, కమిషన్ అయితే నిర్మాత మునిగాడు.

ఇక డీసీఆర్. రోజువారీ కలెక్షన్ రిపోర్టు. హాలు లెక్కల్లో దీనికి మించిన కాగితం లేదు. మా నాన్నగారి దగ్గర మిగిలినవి పసుపురంగుకు తిరిగాయి, మడతల దగ్గర విరుగుతాయి. ఎడమ పక్క తరగతులు: నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ. ఒక్కో తరగతికి ఆట మొదట్లో ఉన్న టిక్కెట్టు నంబరు, ఆట అయ్యాక ఉన్న నంబరు. రెండింటి తేడా అమ్మిన టిక్కెట్లు. పక్కన రేటు, మొత్తం, అందులో పన్ను పోను నెట్, నెట్‌లో కంపెనీ షేరు. కింద మేనేజరు సంతకం, రిప్రజెంటేటివ్ సంతకం. "నంబర్లు ముందు చూడు, రూపాయలు తర్వాత చూడు" అనేవారు నాన్నగారు. ఈ ఆట ముగిసిన నంబరు దగ్గరే తర్వాతి ఆట మొదలవ్వాలి. మధ్యలో నంబర్లు ఎగిరిపోతే, చూపించని టిక్కెట్లు ఎక్కడో అమ్ముడయ్యాయని అర్థం. మీ చేతికి వరసగా పది డీసీఆర్‌లు దొరికితే ఈ పరీక్ష చేయండి. నేల టిక్కెట్లు ఏ రోజున పడిపోయాయి, బాల్కనీ ఎప్పటిదాకా నిలబడింది అన్నది చూస్తే, ఆ బొమ్మ ఎవరికి నచ్చిందో ఏ సమీక్షా చెప్పనంత బాగా తెలుస్తుంది.

స్లాబ్ పద్ధతి వచ్చాక మాత్రం పన్ను కాగితాల నుంచి జనం లెక్క కట్టకండి. స్లాబ్‌లో పన్ను అమ్మిన టిక్కెట్ల మీద కాకుండా హాలు సామర్థ్యం మీద కట్టేవారు. హాలు ఖాళీగా ఉన్నా పన్ను అంతే.

తేదీలు తేల్చుకోవడం

జ్ఞాపకం మీద తేదీ రాయకండి. మన మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1931 సెప్టెంబరు 15న విడుదలైందని ఎన్నో ఏళ్ళు రాసుకున్నాం, వేడుకలూ చేసుకున్నాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికలు, సెన్సార్ వివరాలు వెతికి, 1932 జనవరి 22న సెన్సారైందని, ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని చూపించారు. సెన్సార్ కాకముందు విడుదల కుదరదు కాబట్టి పాత తేదీ నిలబడలేదు. మీరూ అదే చేయాలి. సెన్సార్ సర్టిఫికెట్ తేదీ ముందు, విడుదల ఆ తర్వాత. సర్టిఫై అయిన సినిమాల వివరాలు గెజిట్‌లో అచ్చయ్యేవి. అందులో బొమ్మ పొడవు కూడా ఉంటుంది. 35 ఎంఎం రీలు వెయ్యి అడుగులంటే సుమారు 11 నిమిషాలు. పొడవు తెలిస్తే రోజుకు ఎన్ని ఆటలు పట్టేవో, తర్వాత ఎంత కత్తిరించారో లెక్క వేయొచ్చు. 1943లో యుద్ధం వల్ల ముడి ఫిల్మ్ దొరక్క ప్రభుత్వం సినిమా పొడవుకి 11,000 అడుగుల పరిమితి పెట్టింది. ఆ ఏళ్ళ బొమ్మలు పొట్టిగా ఉంటే కథ కోసం అనుకోకండి.

డచ్చి వాళ్ళకు 1926లో సినిమా చట్టం వచ్చి, 1928 నుంచి దేశమంతటికీ ఒకే సెన్సార్ కమిషన్ పనిచేసింది. ఆ కమిషన్ రికార్డులు కూడా సినెమా కాంటెక్స్ట్‌లో చేర్చారు. ఏ బొమ్మకు ఎన్ని కత్తిరింపులు, ఎవరు తెచ్చారు, పిల్లలు చూడొచ్చా అన్నది ఉంటుంది. మూకీల కాలం మీద పనిచేసేవాళ్ళు మన ఇండియన్ సినెమటోగ్రాఫ్ కమిటీ 1927, 28ల్లో సేకరించిన సాక్ష్యాల సంపుటాలు చూడాలి. దివాన్ బహదూర్ రంగాచారి గారు అధ్యక్షులు. హాళ్ళ యజమానులు తమ నోటితో చెప్పిన అద్దెలు, రేట్లు, ఇబ్బందులు ప్రశ్న జవాబుల రూపంలో ఉన్నాయి.

పత్రికలో లేనిదాన్ని కూడా చదవాలి. ఆబ్రహం తుషిన్‌స్కీ పోలండ్ నుంచి వచ్చిన యూదుడు, దర్జీ. అమెరికా వెళ్దామని రోటర్‌డామ్ వచ్చి అక్కడే ఆగిపోయి, 1911లో మొదటి హాలు తెరిచి, 1921 అక్టోబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో తన పేరుతో రాజభవనం లాంటి హాలు కట్టాడు. మన మారుతీ హాలు కట్టిన ఏడే అది. 1940లో జర్మన్లు దేశాన్ని ఆక్రమించాక ఆ హాలు పేరు తివోలి అయింది. 1942లో ఆయన్ని ఆష్‌విట్జ్‌లో చంపేశారు. ఆ ఏళ్ళలోనూ తారల పత్రిక వచ్చింది, ప్రకటనలు పడ్డాయి, హాలు నడిచింది. పేజీలు మాత్రమే చదివితే ఏమీ జరగనట్టే ఉంటుంది. అందుకని హాలు పేరు మారిన ప్రతిచోటా, యజమాని పేరు మాయమైన ప్రతిచోటా ఆగి, ఆ నెలలో ఊళ్ళో ఏం జరిగిందో దినపత్రిక మొదటి పేజీ చూడండి.

ఎక్కడ దొరుకుతాయి, ఎలా పట్టుకోవాలి

వేటపాలెం సారస్వత నికేతనం ముందు వెళ్ళాల్సిన చోటు. 1918లో పెట్టిన గ్రంథాలయం, పాత పత్రికలకు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. గుంటూరులో అన్నమయ్య గ్రంథాలయం, విజయవాడలో రామమోహన గ్రంథాలయం, టాగూర్ గ్రంథాలయం చూడండి. వెళ్ళేముందు ఫోన్ చేసి, ఏ సంవత్సరాలు కావాలో ముందే చెబితే వాళ్ళకూ సులువు.

కాగితం విరిగేలా ఉంటే పేజీని మూల పట్టుకుని తిప్పకండి, కింద అరచెయ్యి పెట్టి తిప్పండి. సెల్లోటేప్ వేయొద్దు, లామినేషన్ అసలే వద్దు. కిటికీ పక్కన నీడ వెలుతురులో, పేజీకి సమాంతరంగా ఫోన్ పట్టుకుని తీయండి. ఫ్లాష్ వేస్తే ఆర్ట్ పేపరు మీద మెరుపు పడి అక్షరం పోతుంది. అట్ట, విషయసూచిక, సంపాదకుడి పేరు, ముద్రణ వివరాలున్న మూల, ప్రకటనలు అన్నీ తీయండి. ఫైలు పేరు సంవత్సరం, నెల, పత్రిక, పేజీ అన్న వరసలో ఉంటే తర్వాత వెతుక్కునే బాధ ఉండదు.

పెద్దవాళ్ళ దగ్గరకు వెళ్ళినప్పుడు "బాబాయి గారూ, ఆ రోజుల్లో సినిమా ఎలా ఉండేదండీ" అని అడిగితే ఎన్టీఆర్, ఏఎన్నార్ల గురించే చెబుతారు. "రీళ్ళ పెట్టె ఏ రైల్లో వచ్చేదండీ? స్టేషన్ నుంచి ఎవరు తెచ్చేవారు? ఆలస్యమైతే జనానికి ఏం చెప్పేవారు?" అని అడగండి. ఒకే ప్రింటుతో రెండు హాళ్ళు నడిపిన రోజులుంటాయి. ఇక్కడ రీలు అయ్యీ అవగానే సైకిలు మీద పెట్టుకుని రెండో హాలుకి పరిగెత్తిన కుర్రాడు ఇప్పుడు డెబ్బై ఏళ్ళ మనిషి. ఆయన చెప్పే దారి, ఏ సందులోంచి వెళ్తే ఎంతసేపు, ఎక్కడ గేటు పడేది, అన్నీ రాసుకోండి. చేతిలో ఆ ఏడాది ప్రకటన ఫోటో ఒకటి తీసుకెళ్తే ఇంకా మంచిది. పేరు చూడగానే అప్పటి గొడవ గుర్తొస్తుంది. వాళ్ళు కాగితాలు చూపిస్తే అక్కడే కూర్చుని ఫోటోలు తీసి ఇచ్చేయండి, ఇంటికి తెచ్చుకోకండి. ఇస్తామన్నా సరే, ఇంట్లోవాళ్ళ ముందు జాబితా రాసి సంతకం పెట్టి తీసుకోండి. పని అయ్యాక పట్టిక కాపీ ఒకటి ఆ ఇంటికి, ఒకటి ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. పట్టికలో మీ పేరు, చేసిన నెల రాయండి. పక్క ఊరివాళ్ళు చేసిన పట్టికతో కలపాలంటే గడులు ఒకే వరసలో ఉండాలి కాబట్టి పైన చెప్పిన వరస మార్చకండి.